డిపెండెంట్ వీసా మీద పోతే పని చెయ్యొచ్చా? నల్గొండ, పాలమూరు ఆడబిడ్డలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మిర్యాలగూడ అమ్మాయిని. 2014లో, పెళ్లయిన మూడు నెలలకే హెచ్‌-4 వీసా మీద, అంటే హెచ్‌-1బీ ఉద్యోగ వీసా ఉన్నాయన భార్యగా ఇచ్చే డిపెండెంట్ వీసా మీద, అమెరికా విమానమెక్కాను. ఉసిరికాయ పచ్చడి, కారంపొడి, సకినాలు తూకం వేసి మరీ సూట్‌కేసుల్లో సర్దారు. నా ఎంసీఏ సర్టిఫికెట్ల ఫైలు మాత్రం అమ్మ బీరువాలోనే ఉండిపోయింది. "అక్కడ నీకు ఉద్యోగం ఎట్లాగూ ఉండదాయె, మోసుకపోయి పోగొట్టుకుంటవ్" అన్నారు పెద్దవాళ్లు. మూడేళ్ల తర్వాత ఆ ఫైలులో ఒక మెమో కనిపించక మా తమ్ముడు యూనివర్సిటీ కౌంటర్ల చుట్టూ తిరిగాడు.

ఇప్పుడు దసరాకో చుట్టాల పెళ్లికో ఊరొస్తే నన్ను పక్కకు పిలిచి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. 2025 చివరికి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రాస్తున్నాను. ఫారం నింపే ముందు ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటు చూసుకోండి. బావ చెప్పిండనో, వాట్సాప్‌లో వచ్చిందనో నమ్మితే అది 2019 నాటి మాట అయ్యుండొచ్చు.

డిపెండెంట్ వీసా అంటేనే పని చెయ్యొద్దని అర్థమా అక్కా?

కాదు. పేరు ఒకటే గానీ హక్కులు దేశానికొక తీరు, ఒకే దేశంలో వీసాకొక తీరు. కొన్నిచోట్ల పని హక్కు వీసాతోపాటే వస్తుంది. అమెరికాలో ఎల్‌-2 (కంపెనీ తన అమెరికా ఆఫీసుకు బదిలీ చేసిన ఎల్‌-1 ఉద్యోగుల) భార్యాభర్తలు, బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లు, జర్మనీకి కుటుంబ వీసా మీద వచ్చినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. కొన్నిచోట్ల విడిగా కార్డో పర్మిటో తెచ్చుకోవాలి. అమెరికాలో హెచ్‌-4, జే-2, కెనడాలో ఓపెన్ వర్క్ పర్మిట్, దుబాయ్‌లో కంపెనీ తీసే పర్మిట్ అట్లాంటివి. అమెరికా ఎఫ్‌-2 (విద్యార్థి భార్యకు, భర్తకు ఇచ్చే వీసా) లాంటి వాటికి అసలు దారే లేదు.

పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు, ఎక్కడ డ్యాము కడితే అక్కడికి పోయిన ఇళ్లలో వలస అంటేనే పని. మొగుడూ పెళ్లాం ఇద్దరూ తట్ట మోసేవాళ్లు. అట్లాంటి ఇంటి మనవరాలికి "నువ్వు రావొచ్చు, ఉండొచ్చు, పని మాత్రం చెయ్యొద్దు" అని కాగితం ఇచ్చారంటే అవ్వకు అర్థం కాదు. నాకూ చాన్నాళ్లు అర్థం కాలేదు.

సంబంధం వచ్చింది. అబ్బాయి అమెరికాల సాఫ్ట్‌వేర్ అట. పెళ్లికి ముందు ఏం అడగాలె?

ఇచ్చిపుచ్చుకోవడాల గురించి, హైదరాబాద్‌లో ఫ్లాటు గురించి గంటలు మాట్లాడే పెద్దమనుషులు "ఐ-140 అప్రూవ్ అయిందా?" అని ఒక్కరూ అడగరు. ఐ-140 అంటే గ్రీన్‌కార్డు (శాశ్వత నివాసం) కోసం ఆయన తరఫున కంపెనీ వేసే పిటిషన్. అమ్మాయి తర్వాతి ఐదారేళ్లు ఎట్లా గడుస్తాయో చాలావరకు తేల్చేది ఆ ప్రశ్నే.

ముందు ఏ వీసానో అడగండి. ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పని చేసే అనుమతి) మీద ఉన్న అబ్బాయి ఎంత జీతం తెచ్చినా ఆయన ఇంకా ఎఫ్‌-1 విద్యార్థి వీసాలోనే ఉన్నట్టు. అమ్మాయికి వచ్చేది ఎఫ్‌-2, అంటే పని లేదు. హెచ్‌-1బీ అయితే అది ఎన్నో ఏడు, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ దశలో ఉంది, ఐ-140 అప్రూవ్ అయిందా, అది వేసిన కంపెనీలోనే ఇంకా ఉన్నాడా అని అడగండి. "గ్రీన్‌కార్డు నడుస్తోంది" అనేది జవాబు కాదు. పెర్మ్ (ఐ-140కి ముందు కార్మిక శాఖ ఆమోదం) దశలో ఉన్నా నడుస్తున్నట్టే, ఐ-140 తిరస్కరించాక మళ్లీ వేసినా నడుస్తున్నట్టే. అప్రూవల్ నోటీసు, అంటే ఐ-797 కాగితం, చూపించమంటే తప్పేం లేదు. పొలం కొనేముందు పాసుబుక్కు చూస్తాం కదా.

హెచ్‌-4 మీద పని కార్డు ఎవరికి వస్తది?

హెచ్‌-1బీ భర్తకు గానీ భార్యకు గానీ ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. లేదంటే గ్రీన్‌కార్డు ప్రాసెస్ వల్ల మామూలు ఆరేళ్ల హద్దు దాటి హెచ్‌-1బీ పొడిగింపు వచ్చి ఉండాలి. ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉంటేనే హెచ్‌-4లో ఉన్న జీవిత భాగస్వామి ఐ-765 ఫారం వేసి ఈఏడీ కార్డు తెచ్చుకోవచ్చు. ఈ నిబంధన 2015 మే 26 నుంచి అమల్లో ఉంది. పేపరు దరఖాస్తుకు ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 520 డాలర్లు.

కార్డు చేతికొచ్చాక ఏ కంపెనీలోనైనా పని చెయ్యొచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. స్పాన్సర్ అక్కర్లేదు. హెచ్‌-1బీ మీద ఉన్న ఆయనకు లేని స్వేచ్ఛ ఇది. మా ఇంట్లో నాకు కార్డు వచ్చాక ఉద్యోగం మారడం నాకే తేలికైంది, ఆయనకు కాదు.

పిల్లలకు ఇది వర్తించదు. హెచ్‌-4లో ఉన్న పిల్లలు ఎండాకాలం సెలవుల్లో ఐస్‌క్రీం షాపులో నిలబడటానికి కూడా వీల్లేదు. 21 ఏళ్లు నిండితే హెచ్‌-4 కూడా ఉండదు.

ఐ-140 అప్రూవ్ అయితే గ్రీన్‌కార్డు వచ్చినట్టేనా?

కాదు. లైన్లో నిలబడటానికి టోకెన్ దొరికిందంతే. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశం వాళ్లకైనా 7 శాతం మించకూడదని పరిమితి. మనవాళ్లు ఎక్కువ, వాటా చిన్నది. అందుకే ఏళ్లకేళ్లు. ఆ లైన్ పొడుగు వల్లే హెచ్‌-4 ఈఏడీ పుట్టింది.

ఒక చిక్కు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఐ-140 అప్రూవ్ అయిన 180 రోజుల్లోపు కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటే మీ ఈఏడీకి ఆధారం పోతుంది. 180 రోజులు దాటాక వెనక్కి తీసుకున్నా హెచ్‌-1బీ పొడిగింపులకు అది పనికొస్తుంది. ఆయన ఉద్యోగం మారాలని తొందరపడుతుంటే క్యాలెండర్ మీద ఆ తేదీకి గుండ్రం చుట్టండి.

రెన్యువల్‌కు వేస్తే పాత కార్డు మీద పని చేసుకుంట ఉండొచ్చా?

ఇంతకుముందు కొన్ని షరతుల మీద 540 రోజుల దాకా ఉండొచ్చు. ఇప్పుడు లేదు. 2025 అక్టోబర్ 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువల్ దరఖాస్తులకు ఆ ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువు ముగిసేలోపు కొత్తది రాకపోతే ఆ మర్నాటి నుంచి పని ఆపాలి. "మా మేనేజర్ మంచోడు, ఏమనడు" అంటుంటారు. మేనేజర్ అనకపోవచ్చు, రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఆఫీసర్ అంటాడు.

గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు వేయొచ్చు. చిక్కంతా ఈఏడీ గడువు హెచ్‌-4 గడువును దాటకపోవడంలో ఉంది. హెచ్‌-4 గడువేమో ఆయన హెచ్‌-1బీని బట్టి ఉంటుంది. అంటే ఆయన పొడిగింపును ఆయన కంపెనీ వకీలు ఎప్పుడు కదిలిస్తే మీ ఉద్యోగం అప్పుడు నిలబడుతుంది. గడువుకు ఆరేడు నెలల ముందే మీరే ఆయన వెంట పడండి, ఆయన హెచ్‌ఆర్ వెంట పడాలి. నేను మా ఇంట్లో ఈ విషయంలో పోరు పెట్టే మనిషినే, సిగ్గేం లేదు.

ఈఏడీ తీసేస్తరని విన్నం?

పదేళ్లుగా వింటున్నాం. 2015లోనే కొందరు అమెరికన్ టెక్ ఉద్యోగుల సంఘం కోర్టుకు వెళ్లింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు ఈఏడీ నిబంధనను సమర్థించింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు తీసుకోనంది. అయితే ఇది చట్టసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ శాఖ చేసిన రూలు. అదే పద్ధతిలో నోటీసు ఇచ్చి మార్చే వీలుంది. ఇంటి లోను ఇద్దరి జీతాలు కలిపి చూసుకుని తీసుకునే ముందు ఇది గుర్తుండాలి.

కార్డు రాకముందు ఇంట్ల కూసోని ఏదన్న చెయ్యొచ్చా? చీరలు, టిఫిన్లు, బేబీ సిట్టింగ్?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. జవాబు చెప్తే మొహం మాడ్చుకునేదీ ఇక్కడే.

మన దగ్గరి నుంచి గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలు తెప్పించి వాట్సాప్ గ్రూపులో అమ్మడం వ్యాపారం. శనివారాలు బిర్యానీ ట్రేలు ఆర్డర్ మీద ఇవ్వడం వ్యాపారం. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల పాపను చూసుకుని నెలకింతని తీసుకోవడం ఉద్యోగం. పైసలు క్యాష్‌గా ఇచ్చినా, మీ ఆయన అకౌంట్‌లో వేసినా, ఇండియాలో మీ నాన్న అకౌంట్‌కు పంపినా అనుమతి లేని పనే అవుతుంది. "అందరూ చేస్తున్నరు కదా" అంటారు. చేస్తున్నారు. దొరకనంత కాలం దొరకరు. ఇంటి వంటకు అక్కడి కౌంటీ ఆరోగ్య శాఖ నియమాలు వేరే ఉంటాయి, ఆ గొడవ విడిగా.

హైదరాబాద్ కంపెనీకే అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌లో పని చేస్తే? జీతం రూపాయల్లో, ఇండియా అకౌంట్‌లో పడినా మీరు కూర్చున్న కుర్చీ అమెరికాలో ఉంది. దీన్ని కొందరు వకీళ్లు బూడిద గీత అంటారు. నా మాట అడిగితే, గ్రీన్‌కార్డు మీద ఆశ ఉన్నవాళ్లు ఆ గీత దగ్గరికి పోవద్దు. యూట్యూబ్‌లో అమెరికా వంటలు, కాస్ట్‌కో షాపింగ్ వీడియోలు పెట్టి యాడ్స్ పైసలు తీసుకోవడమూ ఇదే లెక్క. వీడియో పెట్టడం వేరు, దాని మీద సంపాదించడం వేరు.

తప్పు లేనివీ ఉన్నాయి. నల్గొండలో మీ పేరు మీదున్న ఇంటి కిరాయి, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, పెట్టిన షేర్ల మీద వచ్చే డివిడెండ్ పని కిందికి రావు. పన్ను లెక్క మాత్రం చూపించాలి.

పైసలు తీసుకోకుంట వాలంటీర్‌గా పోతే?

గుడిలో, లైబ్రరీలో, పిల్లల బడిలో, ఆహార బ్యాంకులో సేవ చెయ్యొచ్చు. మామూలుగా జీతం ఇచ్చే పనిని "అనుభవం వస్తుంది, ఊరికే చెయ్యి" అని కంపెనీ చేయించుకుంటే అది వాలంటీరింగ్ కాదు. ముఖ్యంగా "ఆర్నెల్లు ఫ్రీగా చెయ్, కార్డు రాగానే పే-రోల్ మీద పెడతం" అనే కన్సల్టెన్సీల దగ్గర జాగ్రత్త.

హెచ్‌-4 మీద చదువుకోవచ్చా?

నిక్షేపంగా. ఫుల్‌టైమ్ మాస్టర్స్ కూడా చెయ్యొచ్చు. చాలా రాష్ట్రాల్లో అక్కడ కొంతకాలం నివాసం ఉంటే స్థానికుల ఫీజు పడే వీలుంది, కాలేజీలో కనుక్కోండి. కానీ హెచ్‌-4లో ఉండగా క్యాంపస్ ఉద్యోగం, సీపీటీ (చదువుతుండగా చేసే పని శిక్షణ), ఓపీటీ ఉండవు. అవి కావాలంటే ఎఫ్‌-1కి మారాలి. ఎఫ్‌-1లో చదువు పూర్తయితే 12 నెలల ఓపీటీ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు అయితే ఇంకో 24 నెలలు.

సొంతంగా హెచ్‌-1బీకి కూడా పోవచ్చు. మామూలుగా లాటరీ తప్పదు. కాకపోతే పెళ్లికి ముందే ఒకసారి హెచ్‌-1బీ లాటరీలో ఎంపికై ఆ వీసాలో పని చేసి, ఆరేళ్లలో ఇంకా కాలం మిగిలి ఉంటే మళ్లీ లాటరీ అవసరం లేదు. హెచ్‌-4లో గడిపిన ఏళ్లు ఆ ఆరేళ్లలోంచి తగ్గవు. 2025 సెప్టెంబర్‌లో పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి అందరూ భయపడుతున్నారు. దేశం లోపలే ఉండి, స్టేటస్ మార్పు ఆమోదం పొందినవాళ్లకు అది వర్తించదని అక్టోబర్ 20న ఇమిగ్రేషన్ శాఖ వివరణ ఇచ్చింది. లాటరీ తగిలిందని సంబరంగా ఇండియా టికెట్టు కొనకుండా ముందు వకీలును అడగండి.

మా ఆయన అక్కడ ఎంఎస్ చేస్తుండు. నేను ఎఫ్‌-2 మీద పోవాల్నా, ఆగాల్నా?

ఎఫ్‌-2లో పని లేదు, ఈఏడీ లేదు, డిగ్రీ కోర్సు ఫుల్‌టైమ్ చదవడమూ లేదు. చిన్న కోర్సులు పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. ఇక్కడ మీకు మంచి ఉద్యోగం ఉంటే ఆయన హెచ్‌-1బీ సంగతి తేలేదాకా ఆగి, రెండేళ్ల అనుభవం మూటగట్టుకుని పోవడమే నయమని నా అభిప్రాయం. కొత్త పెళ్లికూతురికి ఈ మాట చెప్తే అత్తగారు నన్ను శత్రువులా చూస్తారని తెలుసు.

జే-1 మీద పరిశోధనకు పోయినవాళ్ల భార్యకు, భర్తకు జే-2 వస్తుంది. వాళ్లు ఈఏడీకి వెయ్యొచ్చు. ఆ సంపాదన జే-1 మనిషిని పోషించడానికి కాదన్నది షరతు.

ఎల్‌-2 నయమా?

పని విషయంలో చాలా నయం. 2021 నవంబర్‌లో కుదిరిన కోర్టు ఒప్పందం తర్వాత ఎల్‌-2 భార్యాభర్తలకు పని హక్కు స్టేటస్‌తోనే వస్తోంది. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు)లో "ఎల్‌-2ఎస్" అని ఉందో లేదో విమానం దిగగానే వెబ్‌సైటులో చూసుకోండి. చివర ఆ "ఎస్" లేకపోతే దిద్దించుకోవాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ ఒక్క అక్షరమే మీ రుజువు. ఎల్‌-1బీకి ఐదేళ్లు, ఎల్‌-1ఏకి ఏడేళ్లు హద్దు, ఆ తర్వాత ఏమిటన్నది ముందే ఆలోచించాలి.

లండన్ సంగతేంది?

స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ ఏ ఉద్యోగమైనా చెయ్యొచ్చు, వృత్తి క్రీడాకారులుగా, కోచ్‌లుగా తప్ప. సొంత వ్యాపారమూ సరే. ప్లాస్టిక్ కార్డు రోజులు పోయాయి. ఈ-వీసా ఖాతా తెరిచి, షేర్ కోడ్ తీసి కంపెనీకి ఇస్తే వాళ్లు మీ పని హక్కు ఆన్‌లైన్‌లో చూసుకుంటారు. వీసా ఫీజుతోపాటు ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా ఎన్నేళ్లో అన్నేళ్లదీ ముందే కట్టాలి. ఊళ్లో అప్పు చేసి పోయేవాళ్లు ఈ లెక్క మర్చిపోతుంటారు.

అసలు డిపెండెంట్‌గా పోయే తలుపే చాలామందికి మూసుకుపోయింది. 2024 జనవరి 1 నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకు కుటుంబాన్ని తీసుకుపోలేరు. పరిశోధన కోర్సులకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ చదువులకే వీలు. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లూ కొత్తగా కుటుంబాన్ని తేలేరు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకమే ఆపేశారు. "నువ్వు ఎమ్మెస్సీకి పో, అల్లుడు వెనక వస్తడు, డ్యూటీ చేస్తడు" అని ఏజెంటు ఇంకా చెప్తున్నాడంటే అతని దగ్గరి నుంచి లేచి రండి.

కెనడా?

2025 జనవరి 21 నుంచి బిగించారు. విద్యార్థి భార్యకు లేదా భర్తకు ఓపెన్ వర్క్ పర్మిట్ రావాలంటే ఆ విద్యార్థి పీహెచ్‌డీలోనో, కనీసం 16 నెలల మాస్టర్స్‌లోనో, ఎంపిక చేసిన కొన్ని వృత్తి కోర్సుల్లోనో ఉండాలి. కాలేజీ డిప్లొమాల మీద ఇక లెక్క వేసుకోవద్దు. ఉద్యోగి భార్య అయితే ఆయన ఉద్యోగం కెనడా నైపుణ్య వర్గీకరణలో (టీర్) 0, 1 శ్రేణుల్లో లేదా 2, 3 శ్రేణుల్లో ఎంపిక చేసినవాటిలో ఉండాలి. ఆయన పర్మిట్‌కు కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి. ఫీజులు కలిపి 255 కెనడా డాలర్లు.

ఆస్ట్రేలియా, జర్మనీ, సింగపూర్?

ఆస్ట్రేలియాలో విద్యార్థి భాగస్వామికి రెండు వారాలకు 48 గంటల హద్దు. చదివేది మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ అయితే, కోర్సు మొదలయ్యాక ఆ హద్దు లేదు. జర్మనీలో కుటుంబ వీసాతో పని హక్కు పూర్తిగా వస్తుంది. మామూలుగా ఏ-1 స్థాయి జర్మన్ పరీక్ష పాసై పోవాలి, బ్లూకార్డు (నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి) ఉన్నవాళ్ల భార్యాభర్తలకు మినహాయింపు. ఆ మినహాయింపు చూసి భాష నేర్చుకోకుండా పోతే ఉద్యోగం దగ్గర చిక్కుతారు. సింగపూర్‌లో డిపెండెంట్ పాస్ మీద పని చెయ్యాలంటే 2021 మే నుంచి మీ కోసం కంపెనీ విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. పాత లెటర్ ఆఫ్ కన్సెంట్ పద్ధతి ఉద్యోగాలకు లేదు.

గల్ఫ్‌ల భర్త దగ్గరికి పోయి పని దొరికితే చేరొచ్చా?

యూఏఈలో భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉండగానే చేరొచ్చు. వర్క్ పర్మిట్ మిమ్మల్ని పెట్టుకునే కంపెనీ తీయాలి. పర్మిట్ లేకుండా పెట్టుకున్న యజమానికి 2024 నుంచి జరిమానా లక్ష దిర్హాముల నుంచి మొదలు. ఖతర్‌లోనూ కార్మిక శాఖ పర్మిట్‌తో వీలుంది. కువైట్‌లో కుటుంబ వీసా ఆర్టికల్ 22, ప్రైవేటు ఉద్యోగం ఆర్టికల్ 18. మొదటిది రెండోదానికి మారకుండా పని చేస్తే పట్టుబడినట్టే. సౌదీలో డిపెండెంట్‌గా ఉండటానికే తలకు నెలకు 400 రియాళ్లు కట్టాలి, పనికి అజీర్ (తాత్కాలిక పని) అనుమతో స్పాన్సర్‌షిప్ మార్పో కావాలి.

పదో తరగతి పాస్ కాని ఆడవాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సింది) కింద ఉంటుంది. భర్త దగ్గరికి కుటుంబ వీసా మీద పోవడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ ఇంటిపనికి పెడతానంటే మాత్రం అది వేరే కథ. నమ్మొద్దు.

ఊరు దాటకముందు ఏ కాగితాలు సర్దుకోవాలె?

నా తప్పు మీరు చెయ్యొద్దు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదట పేరు. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకో తీరుగా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో మీ పేరు సర్‌నేమ్ చోటికి పోయి, అసలు పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో మీ పేరే ఎఫ్ఎన్‌యూ. నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లో దరఖాస్తు వేసేటప్పుడే రెండు గడులూ నింపండి.

రెండోది పెళ్లి సర్టిఫికెట్. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లైన వారంలోనే చేయించుకోండి. అబ్బాయి సెలవు అయిపోయి విమానమెక్కాక అంటే అయ్యే పని కాదు.

మూడోది చదువు. ఒరిజినల్ డిగ్రీ, ప్రొవిజనల్, సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో) అన్నీ చేతిలో ఉండాలి. ట్రాన్‌స్క్రిప్టులు సీలు కవర్లలో రెండు సెట్లు తీయించుకోండి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు చదివినవాళ్లు చాలామంది ఉస్మానియా కిందికి వస్తారు. కాలేజీ నల్గొండలో ఉన్నా పని తార్నాకలో పడుతుంది. గల్ఫ్‌కైతే డిగ్రీకి రాష్ట్ర విద్యాశాఖ, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ ముద్రలు వరుసగా పడాలి. అపోస్టిల్ (ఎంబసీ ముద్ర అక్కర్లేకుండా విదేశాంగ శాఖ వేసే ముద్ర) ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ అందులో లేదు.

నాలుగోది అనుభవం. రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ యూఏఎన్ నంబరు. చేసింది చిన్న స్కూల్లో టీచరు ఉద్యోగమైనా లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

హెచ్‌-4కి వీసా ఇంటర్వ్యూ నానక్‌రాంగూడలోని కాన్సులేట్‌లో. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. దాంతో చాలా అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. వీసా స్టాంపింగ్ కోసం ఊరొస్తే సెలవు అయిపోయినా తిరిగి పోలేని పరిస్థితి ఉంది.

నాలుగేండ్లు గ్యాప్ వచ్చింది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడితే ఏమైతది?

మొదటి ఉద్యోగం రావొచ్చు. మూడో నెల ప్రాజెక్టులో మీకు రాని పని అడుగుతారు, రాత్రిళ్లు వేరేవాళ్లతో చేయించుకోవాల్సి వస్తుంది, వాళ్లకు జీతంలో వాటా పోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ రెజ్యూమె అబద్ధం రేపు గ్రీన్‌కార్డు ఫైల్లో మీ నిజమైన చరిత్రతో కలవదు. గ్యాప్‌ను గ్యాప్ అనే చెప్పండి. "వీసా వల్ల పని అనుమతి లేదు, ఆ కాలంలో ఇవి నేర్చుకున్నాను" అంటే అక్కడి హెచ్‌ఆర్‌కు అర్థమవుతుంది. నాకు ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న ఆరేడు సార్లు వచ్చింది, ఒక్కరూ దాని మీద రెండో ప్రశ్న అడగలేదు.

నేను బీఎస్సీ నర్సింగ్. నా సంగతి?

మీ చేతిలో బంగారం ఉంది. అమెరికా నర్సు లైసెన్సు కోసం ఎన్‌సీఎల్‌ఈఎక్స్ పరీక్ష హెచ్‌-4లో ఉండగానే రాసి లైసెన్సుకు సిద్ధం కావొచ్చు. పరీక్ష రాయడం పని కాదు. బ్రిటన్‌లో ఎన్‌ఎంసీ (నర్సుల నమోదు సంస్థ) వాళ్ల కంప్యూటర్ పరీక్ష, తర్వాత ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. అయితే డిపెండెంట్‌గానే ఎందుకు పోవాలి? తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి సొంత వీసా మీద పంపుతోంది. అప్పుడు డిపెండెంట్ మీ ఆయన అవుతాడు.

మగోళ్లు డిపెండెంట్‌గా పోతే నలుగురు ఏమనుకుంటరు?

అనుకుంటారు. రూల్స్ మాత్రం ఆడ, మగ చూడవు, పైన చెప్పినవన్నీ భర్తలకూ వర్తిస్తాయి. ఊళ్లో "అల్లుడు ఏం చేస్తుండు?" అన్న ప్రశ్నకు అత్తమామలు తడబడటం చూశాను. "బిడ్డను చూసుకుంటుండు" అని గట్టిగా చెప్పిన మామగారినీ ఒకాయన్ను చూశాను.

ఆయన ఉద్యోగం పోతే? మాకు విడాకులైతే?

హెచ్‌-1బీ ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు ఉంటుంది, మీ హెచ్‌-4 కూడా దాంతోనే నడుస్తుంది. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. విడాకులు పూర్తయిన రోజు హెచ్‌-4 పోతుంది, ఈఏడీ కూడా. కేసు నడుస్తుండగానే సొంత దారి, అంటే ఎఫ్‌-1 గానీ హెచ్‌-1బీ గానీ, వెతుక్కోవాలి.

కొడుతున్నాడు, పాస్‌పోర్టు దాచిపెట్టాడు, ఈఏడీకి సంతకం పెట్టడు అనే ఫోన్లు నాకు రాత్రిపూటే వస్తాయి. హింసకు గురవుతున్న హెచ్‌-4 భార్యలు భర్త సాయం లేకుండా ఐ-765వీ అనే వేరే ఫారంతో పని అనుమతి అడగొచ్చు. అమెరికా గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. ఇటు నుంచి అమ్మానాన్నలు తెలంగాణ పోలీస్ మహిళా భద్రతా విభాగంలోని ఎన్‌ఆర్‌ఐ సెల్‌కు, జాతీయ మహిళా కమిషన్ ఎన్‌ఆర్‌ఐ సెల్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. పాస్‌పోర్టు, ఐ-797, పెళ్లి సర్టిఫికెట్ ఫొటోలు మీ సొంత మెయిల్‌లో, ఆయనకు తెలియని పాస్‌వర్డ్‌తో పెట్టుకోండి. అంతా బాగున్నప్పుడే పెట్టుకోండి.

ఇక్కడి బ్యాంకు, పొలం, పన్నులు?

ఊరి బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా)గా మార్పించాలి. చాలామంది మార్చరు. ఉద్యోగం లేకపోయినా భర్తతో కలిపి అమెరికా పన్ను రిటర్న్ వేస్తే మీకు ఐటీఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరు కావాలి, డబ్ల్యూ-7 ఫారంతో వస్తుంది. పన్ను లెక్కలో అమెరికా నివాసి అయ్యాక, ఇండియాలో మీ పేరు మీదున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల ఫారం) వెయ్యాలి. నాన్న మీ పేరు జాయింటుగా పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అందులోకి వస్తుంది.

మొదటి జీతం రాగానే "దేవరకొండ దిక్కు రెండెకరాలు చూసినం బిడ్డా" అని ఫోనొస్తుంది. ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారకపు చట్టం) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ప్లాటు, ఫ్లాటు కొనుక్కోవచ్చు.

కార్డు వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలె?

కార్డు మీద పేరు, పుట్టిన తేదీ, గడువు తప్పుల్లేకుండా ఉన్నాయో చూడండి. ఐ-765లోనే సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగి ఉంటే అది విడిగా పోస్టులో వస్తుంది. కార్డు మీద రాసిన మొదటి తేదీకి ముందు ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టొద్దు. గడువు తేదీ నుంచి 180 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఫోనులో గుర్తు పెట్టుకోండి.

సర్టిఫికెట్ల ఫైలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొచ్చా అక్కా?

వద్దు. ఫైలు చేతి సంచిలో, సీటు దగ్గర. నూనె ఉన్న పచ్చడి సీసా చేతి సంచిలో ఉంటే శంషాబాద్‌లోనే తీసేస్తారు, అది చెక్-ఇన్‌లో.